తుఫాను తర్వాత కరెంటు: మన ఇంటి వంతు ఎప్పుడు?

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. సాయంత్రానికి నగరమంతా చీకటి కమ్ముకుంది. ఆ రాత్రి ప్రతి ఇంట్లోనూ కొవ్వొత్తుల కోసం, టార్చిలైట్ల కోసం వెతుకులాట సాగింది. మర్నాటికి ఆ వెతుకులాట నీళ్ల వైపు మళ్లింది. మేడమీది ట్యాంకులు అడుగంటాయి, బోరు మోటార్లు తిరగవు, కుళాయి నీళ్లు ఎత్తిపోయవలసిన పంపులకూ కరెంటు లేదు. నాలుగో అంతస్తులో ఉన్న వృద్ధులకు కింది నుంచి బకెట్లతో నీళ్లు మోసినవాళ్లు ఆ వారాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. పాల ప్యాకెట్ల కోసం, పెట్రోలు కోసం బారులు తీరారు. సెల్‌ఫోన్లు మూగబోవడంతో పక్క వీధిలో ఉన్న బంధువుల క్షేమం తెలుసుకోవడానికి కూడా నడిచి వెళ్లవలసి వచ్చింది.

కరెంటు పోవడమంటే చీకటి అనే మన మనసులో పడిపోయింది. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే కొవ్వొత్తులు కొంటాం. కానీ కరెంటు నాలుగైదు రోజులు రాకపోతే చీకటి అన్నిటికంటే చిన్న ఇబ్బంది. నీళ్లు, మందులు, ఫోను, ఇంధనం, రొయ్యల చెరువు, ఆసుపత్రి ఇవన్నీ ఒకే తీగకు వేలాడుతున్నాయి. ఆ తీగ ఎక్కడెక్కడ తెగుతుంది, ఏ వరుసలో అతుకుతారు, ఆ వరుసలో మన ఇల్లు ఎక్కడుంది అనేది తెలిస్తే ఎన్ని రోజులకు సిద్ధపడాలో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. ఆ లెక్క తెలియక కొందరు మొదటి రోజే బ్యాటరీ అంతా ఖర్చు చేసుకుంటారు, మరికొందరు అవసరం లేని భయానికి లోనవుతారు.

విద్యుత్ కేంద్రంలో పుట్టిన కరెంటు 400, 220, 132 కేవీల (ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులు) పెద్ద టవర్ల మీదుగా ప్రయాణించి, అక్కడి నుంచి 33 కేవీ లైన్ల ద్వారా మన ఊరి దగ్గరి సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. సబ్‌స్టేషన్‌లో అది 11 కేవీకి తగ్గి, నాలుగైదు దిక్కులకు ఫీడర్లుగా చీలుతుంది. ఒక్కో ఫీడరు మీద పదుల సంఖ్యలో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. వీధి చివర దిమ్మె మీదో, రెండు స్తంభాల మధ్యో కనిపించే ఆ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు మన ఇళ్లలో వాడే స్థాయికి దిగి, లోటెన్షన్ తీగల మీదుగా వచ్చి, చివరికి ఒక సర్వీసు వైరు ద్వారా మీటరులోకి వస్తుంది. చెట్టుతో పోల్చుకుంటే మొదలు, బోదె, కొమ్మ, రెమ్మ, ఆకు. మన ఇల్లు ఆకు. ఆకు పచ్చగా ఉండాలంటే పైనున్నవన్నీ బతికి ఉండాలి, ఆకు తొడిమ కూడా తెగకుండా ఉండాలి.

తుఫాను ఈ చెట్టులో ప్రతి చోటా ఒకేసారి దెబ్బ కొడుతుంది. గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. అంటే గంటకు 75 కిలోమీటర్ల గాలికి చలించని స్తంభం మీద 150 కిలోమీటర్ల గాలి నాలుగు రెట్ల భారం మోపుతుంది. అయినా స్తంభాలు ఎక్కువగా కూలేది నేరుగా గాలి తాకిడికి కాదు. తీగ మీద చెట్టు పడుతుంది, తీగ తెగకుండా లాగుతుంది, ఆ లాగుడుకు ఈ స్తంభం వంగితే దాని బరువు పక్క స్తంభం మీద పడుతుంది. ఒక వరుసలో పది పన్నెండు స్తంభాలు ఒకే దిక్కుకు ఒరిగి కనిపించడానికి కారణం ఇదే. తీరప్రాంతపు ఇసుక నేలలో, రెండు రోజుల వానకు నానిన నేలలో స్తంభం మొదలు పట్టు సడలుతుంది. ఇన్ని వందల స్తంభాలను లారీల మీద తేవాలి. అవి వెళ్లవలసిన రోడ్డు మీదే చెట్లు అడ్డంగా పడి ఉంటాయి. కాబట్టి పునరుద్ధరణ మొదటి రోజు పని కరెంటు పని కానే కాదు, రంపాలతో చెట్లు కోసే పని. లైన్‌మన్ కనిపించలేదని మొదటి రోజున కోపగించుకునేవారికి ఈ సంగతి తెలియదు.

ఆ తర్వాత వరుస మొదలవుతుంది. ముందుగా పెద్ద టవర్ల లైన్లు, తర్వాత 33 కేవీ లైన్లు, సబ్‌స్టేషన్లు. అవి నిలబడితే 11 కేవీ ఫీడర్లు. ఫీడర్లలో కూడా ఆసుపత్రులు, మంచినీటి పథకాలు, సెల్ టవర్లు, ప్రభుత్వ కార్యాలయాలు ఉన్నవి ముందు. దాని తర్వాత ఎక్కువ ఇళ్లున్న ట్రాన్స్‌ఫార్మర్లు. అప్పుడు లోటెన్షన్ తీగలు. ఒక్కొక్క ఇంటి సర్వీసు వైరు, పొలాల మోటార్లు అందరికంటే చివర. ఒక ఫీడరు బాగుచేస్తే వెయ్యి ఇళ్లకు వెలుగు వస్తుంది. ఒక సర్వీసు వైరు బాగుచేయడానికి కూడా గంటో రెండు గంటలో పట్టవచ్చు, కానీ వెలుగు ఒక్క ఇంటికే. ఈ లెక్కలో పక్షపాతం లేదు. ఎదుటి వీధికి వచ్చి మన వీధికి రాకపోతే, ఎక్కువ సందర్భాల్లో ఆ వీధి వేరే ట్రాన్స్‌ఫార్మరు మీదో, వేరే ఫీడరు మీదో ఉందని అర్థం. ఒకే ఇంటికి మూడు ఫేజులుంటే ఒక ఫేజు వచ్చి రెండు రాకపోవడం కూడా జరుగుతుంది. వానాకాలం మొదలవకముందే మన ఇల్లు ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడరు కిందికి వస్తుందో లైన్‌మన్‌ను అడిగి రాసి పెట్టుకోవడం మంచిది. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసినప్పుడు సర్వీసు నంబరుతో పాటు ఆ పేరు చెప్తే, సమాధానం ‘వస్తుంది’ అన్న మాటకంటే కాస్త స్పష్టంగా ఉంటుంది.

ఈ వరుసలో చివరి స్థానం అంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం చూసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటల మధ్య విడివిడిగా ఉండే ఊళ్లవి. ఒక ఊరికి వెళ్లే 11 కేవీ లైను కిలోమీటర్ల కొద్దీ తోటల గుండానే పోతుంది. ఆ తోటలే నేలమట్టమైనప్పుడు తీగలు ఎక్కడున్నాయో వెతకడమే ఒక పని అయింది. నగరంలో కిలోమీటరు లైను నిలబెడితే వందల ఇళ్లు వెలుగుతాయి, ఉద్దానంలో అదే కిలోమీటరు ఒక తోటను దాటించడానికే సరిపోతుంది. ఒకే తుఫానులో పట్టణవాసి మూడు రోజులకు, మారుమూల పల్లెవాసి పది రోజులకు పైగా సిద్ధపడి ఉండాలనడానికి కారణం ఈ దూరమే. మీ ఊరు ఫీడరు చివర ఉంటే, తోటల మధ్య ఉంటే, లంకలో ఉంటే పొరుగు పట్టణానికి కరెంటు వచ్చిందన్న వార్తతో మీ లెక్క వేసుకోకండి.

గాలి ముప్పు వేరు, నీటి ముప్పు వేరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే వానకు మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఇలాంటి చోట స్తంభాలు నిలబడే ఉండవచ్చు, తీగలు చెక్కుచెదరకపోవచ్చు. అయినా నీటిలో మునిగిన మీటర్లు, స్విచ్‌బోర్డులు ఉన్న ఇళ్లకు కరెంటు ఇస్తే వీధిలోని నీళ్లే ప్రాణాంతకమవుతాయి. అందువల్ల నీరు తీసేదాకా, సబ్‌స్టేషన్ ఆరేదాకా సరఫరా ఆపవలసి ఉంటుంది. సెల్లార్లలో ప్యానెల్ బోర్డు, జనరేటరు, లిఫ్టు మోటారు అన్నీ పెట్టుకున్న అపార్ట్‌మెంట్లకు వీధిలో కరెంటు వచ్చిన తర్వాత కూడా ఇంకో వారం చీకటే. కొత్తగా ఇల్లు కట్టేవారు, అపార్ట్‌మెంటు కొనేవారు ప్యానెల్ బోర్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడటం మామూలు విషయంగా మారాలి.

ఇక్కడ లైన్‌మన్ సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. తీగ మీద పని చేసేముందు అతను సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. అంటే ఆ లైనులోకి పై నుంచి కరెంటు రాదని హామీ. కానీ కింది నుంచి, మన ఇళ్ల నుంచి వచ్చే కరెంటుకు ఎవరు హామీ? పెట్రోలు జనరేటరు తెచ్చి, రెండు వైపులా పిన్నులున్న వైరుతో ఇంటి సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. మెయిన్ ఆపడం మరచిపోతే ఆ కరెంటు మీటరు దాటి బయటికి వెళ్తుంది, వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనకవైపు నుంచి దూరుతుంది. 11,000 వోల్టులను తగ్గించే ఆ పెట్టె, కరెంటు వెనకనుంచి వస్తే అంతే నిష్పత్తిలో పెంచుతుంది. అప్పుడు స్తంభం మీద ఉన్న మనిషి చేతిలోని తీగ వేల వోల్టులతో ప్రాణం పోసుకుంటుంది. జనరేటరుకూ ఇంటి వైరింగుకూ మధ్య ఛేంజోవర్ స్విచ్ తప్పకుండా ఉండాలి. ఒకేసారి రెండు వైపులా కలవనివ్వకపోవడమే దాని పని. అది లేకపోతే, ఫ్రిజ్‌నో మోటారునో నేరుగా జనరేటరుకే తగిలించాలి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటుకు చోటు లేదని నా అభిప్రాయం.

తెగిపడిన తీగ విషయం కూడా ఇలాంటిదే. తీగ నేల మీద పడితే ఫ్యూజు పోతుంది, కరెంటు ఉండదు అనుకుంటారు. పొడి నేల మీదో, ఇసుక మీదో, తారు రోడ్డు మీదో పడిన 11 కేవీ తీగ కొన్నిసార్లు సబ్‌స్టేషన్‌లోని రక్షణ పరికరాలకు పట్టుబడేంత కరెంటు లాగదు, బతికే ఉంటుంది. కనీసం పది మీటర్ల దూరం ఉండాలి, నీటి మడుగుల వైపు అసలు వెళ్లకూడదు. పల్లెల్లో మరో రెండు అలవాట్లు ప్రాణాలు తీస్తున్నాయి. స్తంభానికీ ఇంటికీ మధ్య బట్టలు ఆరేసుకోవడానికి కట్టే ఇనుప తీగ ఒకటి, గొడ్లను స్తంభానికో, దాన్ని ఒరగకుండా పట్టి ఉంచే స్టే వైరుకో కట్టేయడం ఇంకొకటి. తుఫాను సూచన వినగానే ఈ రెండూ విప్పేయాలి. బట్టలకు నైలాను తాడు చాలు.

ఇక సిద్ధపడటం సంగతి. అన్నిటికంటే ముందు నీళ్లు. మనిషికి తాగడానికీ వంటకూ రోజుకు నాలుగైదు లీటర్లు సరిపోతాయి. కానీ ఒక్కసారి ఫ్లష్ నొక్కితే ఆరు నుంచి పది లీటర్లు పోతాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక కుటుంబానికి పొదుపుగా వాడితే వారం వస్తుంది, ఫ్లష్ మామూలుగా వాడితే రెండు రోజులకు మించదు. అందుకే తుఫాను ముందురోజు ట్యాంకు, సంపు, ఇంట్లోని బిందెలు, డ్రమ్ములు అన్నీ నింపుకోవాలి, తాగే నీళ్లు వేరుగా మూత పెట్టి ఉంచుకోవాలి. తుఫాను తనతో పాటు వాన కూడా తెస్తుంది కదా. డాబా గొట్టం కింద డ్రమ్ము పెడితే ఫ్లష్‌కూ బట్టలకూ ఆ నీళ్లు చాలు. చేతిపంపులు ఉన్న వీధుల్లో వాటిని వేసవిలోనే బాగుచేయించడం ఎంత ముఖ్యమో కరెంటు లేని మూడో రోజున తెలుస్తుంది. వరద తర్వాత బావి నీళ్లు, కుళాయి నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా నమ్మకూడదు. తెర్లి పొంగే దాకా కాచి చల్లార్చి తాగాలి. క్లోరిన్ బిళ్లలు వాడితే పొట్లం మీద రాసిన కొలతే వేయాలి, కనీసం అరగంట ఆగాలి.

అపార్ట్‌మెంట్లలో ఒక ఉపాయం బాగా పనిచేస్తుంది. ఇంటింటికీ జనరేటరు కొనడం కంటే, నాలుగైదు భవనాలు కలిసి ఒక జనరేటరు అద్దెకు మాట్లాడుకుని, రోజుకు ఒక్కో భవనంలో గంటసేపు మోటారు తిప్పుకుంటే అందరి ట్యాంకులూ నిండుతాయి. దీన్ని తుఫాను వచ్చాక మాట్లాడుకుంటే అద్దె ఎంత చెప్తారో చెప్పలేం. ముందే మాట్లాడుకోవాలి, మోటారు స్టార్టరు దగ్గర ఛేంజోవర్ స్విచ్ ముందే పెట్టించుకోవాలి.

ఇన్వర్టరు ఉన్నవారు ఒక చిన్న లెక్క చేసుకోవాలి. సాధారణంగా ఇళ్లలో ఉండేది 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. రెండూ గుణిస్తే 1,800 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టరు కూడా కొంత తింటుంది. కొత్త బ్యాటరీలో మనకు నికరంగా 1,200 దాకా దక్కుతుంది, పాతదైతే అందులో సగం కూడా రాకపోవచ్చు. పాత తరహా సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. ఒక ఫ్యాను, రెండు బల్బులు ఆగకుండా వాడితే పన్నెండు గంటల్లో అంతా అయిపోతుంది. 30 వాట్లతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను, ఒక్క బల్బు అయితే ఒక రోజు గడుస్తుంది. ఫోను పూర్తిగా ఛార్జి కావడానికి 20 వాట్ అవర్లు చాలు. అంటే ఒక రాత్రి ఫ్యాను కోసం ఖర్చు పెట్టేదానితో ఇంట్లోని ఫోన్లన్నిటినీ వారం రోజులు బతికించవచ్చు. ఉక్కపోతను ఓర్చుకోమని చెప్పడం సులభం కాదు, ముఖ్యంగా పసిపిల్లలు ఉన్న ఇంట్లో. అయినా మొదటి రాత్రే ఏది ఆపాలో ఇంట్లోవాళ్లంతా కూర్చుని నిర్ణయించుకుంటే మూడో రోజు చేతులు ఖాళీ కావు. నీళ్ల మోటారును మాత్రం ఇంటి ఇన్వర్టరు మీద తిప్పే ప్రయత్నం చేయకూడదు. అది మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు ఇన్వర్టరు తట్టుకోలేనంత ఉంటుంది.

డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవారికి తుఫాను మర్నాడు ఎండ కాస్తున్నా ఇంట్లో కరెంటు లేకపోవడం పెద్ద నిరాశ. పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇలాంటి ఇళ్లు పెరుగుతున్నాయి కాబట్టి ఈ విషయం వివరంగా చెప్పాలి. గ్రిడ్‌తో, అంటే వీధి సరఫరాతో కలిసి పనిచేసే సోలార్ ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోయిన క్షణంలో తనంతట తాను ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం మీది మనిషిని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు. గ్రిడ్ లేనప్పుడు కూడా ఇంటికి కరెంటు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, దానికి ఖర్చు ఎక్కువ. తీరప్రాంతంలో పెట్టించుకునేవారు ఈ ప్రశ్నను అమ్మేవారిని ముందే అడగాలి. పలకల స్టాండు ఎంత గాలికి తట్టుకునేలా బిగించారన్నది రెండో ప్రశ్న.

జనరేటరు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. సెల్లారులో, మెట్ల కింద, బాల్కనీలో జనరేటరు పెడితే అది ఇంట్లోకి చేరి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటి గోడకు కనీసం ఆరు మీటర్ల దూరంలో, ఆరుబయట, కిటికీల వైపు పొగ రాకుండా ఉంచాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం కూడా ఇంతే ప్రమాదం. కొవ్వొత్తి విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన ముప్పు దోమతెర. తుఫాను తర్వాత దోమలు పెరుగుతాయి, ఫ్యాను ఉండదు, అందరూ తెర కట్టుకుని పడుకుంటారు, పక్కనే వెలుగుతున్న కొవ్వొత్తి ఉంటుంది. ఛార్జింగ్ లైటు ఒకటి రెండు కొని ఉంచుకుంటే ఈ భయం ఉండదు.

ఆహారం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మన పెద్దవాళ్లకు ఇది తెలిసిన విద్యే. అటుకులు, మరమరాలు, బెల్లం, ఊరగాయలు, బియ్యం, కందిపప్పు, నిండు గ్యాసు బండ ఉంటే వారం గడుస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీదే ఆధారపడిన ఇళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజరు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు. కాబట్టి ఖాళీ చోట నీళ్ల సీసాలు గడ్డ కట్టించి పెట్టుకోవాలి. కరెంటు పోగానే పాలు, చేపలు, మాంసం, ఇడ్లీ పిండి ముందుగా వాడేయాలి. వాసన బాగానే ఉందని మూడో రోజు మాంసం కూర తినకూడదు, ఆసుపత్రికి వెళ్లే దారి కూడా సరిగా ఉండని రోజులవి.

ఇన్సులిన్ వాడేవారికి ఒక ధైర్యం చెప్పవచ్చు. తెరిచి వాడుతున్న సీసా లేదా పెన్ను సాధారణంగా నాలుగు వారాల దాకా ఎండ తగలని, మరీ వేడి లేని చోట ఫ్రిజ్ లేకుండానే ఉంటుంది. తెరవనివాటిని కాపాడటానికి మన తడి మట్టికుండ చక్కటి సాధనం. కుండలో కొద్దిగా నీళ్లు పోసి, మందును నీళ్లు తగలకుండా చిన్న గిన్నెలో మూత పెట్టి, కుండను నీడలో గాలి తగిలే చోట ఉంచితే గదికంటే చల్లగా ఉంటుంది. ఐసు ముక్కలకు నేరుగా ఆనిస్తే గడ్డకట్టి పాడవుతుంది. అలా గడ్డకట్టినది మళ్లీ వాడకూడదు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటరు మీద ఉన్న రోగి ఉంటే పైన చెప్పిన ఇన్వర్టరు లెక్క మళ్లీ చేయాలి. ఆ యంత్రం 300 వాట్లకు పైగా తీసుకుంటుంది కాబట్టి బ్యాటరీ నాలుగు గంటలు కూడా ఆగదు. సిలిండరు ముందే తెచ్చి ఉంచాలి, లేదా తుఫానుకు ముందురోజే రోగిని జనరేటరున్న ఆసుపత్రికి చేర్చాలి.

కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల రొయ్యల రైతుకు గడువు రోజుల్లో ఉండదు, గంటల్లో ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల్లో చెరువులోని నాచు ఎండ లేక ఆక్సిజన్ తయారుచేయదు, రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. సరిగ్గా ఆ వేళకు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి ఉంటే వనామీ రొయ్యల పంట అంతా ఒక్క రాత్రిలో పోతుంది. భీమవరం, కైకలూరు వైపు అనుభవమున్న రైతులు తుఫాను సూచన రాగానే మేత తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. తినని రొయ్య తక్కువ ఆక్సిజన్ వాడుతుంది, కుళ్లే మేత కూడా ఉండదు. జనరేటరుకు డీజిలు ముందే తెచ్చుకోవాలి, ఎందుకంటే పెట్రోలు బంకులోని పంపులు కూడా కరెంటుతోనే నడుస్తాయి. సైజు వచ్చిన చెరువైతే ముందే పట్టేయడం మంచిదా, ధర పడిపోతుందని ఆగడం మంచిదా అన్నది ప్రతి తుఫానుకూ రైతును వేధించే ప్రశ్న. ఇంధనం, జనరేటరు రెండూ చేతిలో లేనివారు ఆగకూడదనే నేను అంటాను.

ఫోను విషయం కొద్ది మాటల్లో చెప్పుకుంటే చాలు. సెల్ టవర్లు కొన్ని గంటలు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిలు మీద నడుస్తాయి. డీజిలు లారీ చేరకపోతే అవీ ఆగుతాయి. మాట్లాడటం కంటే మెసేజి పంపడం తేలిక. మన ఊళ్లోనే ఉన్న ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడలేకపోయినా, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న ఒక బంధువుకు ఇద్దరూ చెరో మెసేజి పంపితే కబురు అందుతుంది. ఆ బంధువు ఎవరో ముందే అనుకోవాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు కూడా, రెండు మూడు రోజులు ఫోను కలవకపోవడం ఆపదకు గుర్తు కాదని ముందుగా చెప్పి ఉంచితే ఇరువైపులా సగం ఆందోళన తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఇంట్లో ఉంటే ఆకాశవాణి వార్తలకు ఏ టవరూ అక్కరలేదు.

కరెంటు తిరిగి వచ్చే క్షణం కూడా జాగ్రత్త కోరుతుంది. రోజుల తరబడి ఆగిన ఫీడరు మీదికి కరెంటు ఇవ్వగానే వేల ఫ్రిజ్‌లు, మోటార్లు ఒక్కసారిగా మొదలవుతాయి, ఆ భారానికి ఫీడరు మళ్లీ పడిపోతుంది. ‘వచ్చింది, పోయింది’ అని మనం అనుకునేదానిలో చాలా భాగం ఇదే. ఒక్క బల్బు స్విచ్ వేసి ఉంచి మిగతావన్నీ ఆపి పెడితే, కరెంటు వచ్చిందో లేదో బల్బే చెప్తుంది, పదిహేను నిమిషాలాగి ఒక్కొక్కటే వేసుకోవచ్చు. ఆ బల్బు మామూలుకంటే మరీ ప్రకాశంగా వెలిగినా, ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగినా వెంటనే మెయిన్ ఆపేయాలి. తుఫానులో న్యూట్రల్ తీగ తెగి ఉంటే 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. తుఫానును తట్టుకున్న టీవీలు, ఫ్రిజ్‌లు కరెంటు వచ్చిన రోజున కాలిపోవడం వెనక ఎక్కువగా ఈ కారణమే ఉంటుంది. మునిగిన ఇంటికి ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా మెయిన్ వేయనేకూడదు.

తీగలన్నీ భూమిలో వేస్తే ఈ బాధంతా తప్పదా అని అడుగుతారు. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో కొంత భాగానికి భూగర్భ కేబుళ్లు వేశారు. గాలి తాకని తీగకు చెట్టు భయం లేదు కాబట్టి దట్టంగా ఇళ్లున్న నగరానికి అది సరైన పనే. కానీ ఖర్చు స్తంభాల లైనుకంటే ఎన్నో రెట్లు, కేబులులో లోపం వస్తే ఎక్కడుందో కనిపెట్టి తవ్వడానికి సమయం పడుతుంది, పైగా ఆ కేబులుకు కరెంటు అందించే పెద్ద టవర్లు బయట గాలిలోనే ఉంటాయి. ఉద్దానం లాంటి చోట కిలోమీటర్ల కొద్దీ భూమిలో వేయడం దగ్గరలో జరిగే పని కాదు. అక్కడ ఫలితమిచ్చేది తీగలకు ఆనుకున్న కొమ్మలను ఏటా సకాలంలో కొట్టించడం, తోటల గుండా కాకుండా రోడ్డు వెంట లైను మళ్లించడం, స్తంభాలు, రంపాలు, మనుషులను తుఫాను రాకముందే దగ్గరలో సిద్ధంగా ఉంచడం. కొబ్బరి చెట్టు కొట్టడానికి ఒప్పుకోని రైతు బాధ అర్థం చేసుకోదగినదే. అందుకు తగిన పరిహారం ఇచ్చి ఒప్పించడం పాలకుల పని. మామూలు రోజుల్లో సరఫరా ఆలస్యమైతే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలని నిబంధనలున్నా, తుఫాను, వరదలను వాటి నుంచి మినహాయించారు. కాబట్టి ఒత్తిడి తేవలసింది తుఫాను తర్వాతి ఆలస్యం మీద కంటే, తుఫానుకు ముందు చేయవలసిన ఈ పనుల మీద.

ఉద్దానం ఊళ్లలో మూత్రపిండాల జబ్బుతో ఎందరో డయాలిసిస్ మీద బతుకుతున్నారు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం నడవాలి. ఆ నాలుగు గంటల్లో ఒక్క రోగికే 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి, ఆ శుద్ధికీ కరెంటే కావాలి. ఒక విడత తప్పితే ఊపిరి ఆడకపోవచ్చు, రెండు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున, వంతు రేపో ఎల్లుండో ఉన్న రోగులను ఒక రోజు ముందుకు జరిపి డయాలిసిస్ చేయించడం సాధ్యమైన పని, అందుకు కేంద్రంలో పేర్ల పట్టిక, ఫోను నంబర్లు, ఒక వాహనం ఉంటే చాలు. ఊళ్లో అలాంటివారు ఎవరెవరున్నారో, ఆక్సిజన్ యంత్రం మీద ఎవరున్నారో, నెలలు నిండిన గర్భిణులు ఎవరో రాసిన కాగితం ఒకటి ఊరి సచివాలయంలోనూ, ఇంకొకటి సబ్‌స్టేషన్‌లోనూ అక్టోబరు రాకముందే ఉండాలి. ఫీడర్ల వరుస నిర్ణయించే ఇంజనీరు ముందు ఆ కాగితం ఉంటే, ఏ తీగ ముందు అతకాలన్న నిర్ణయంలో ఆ పేర్లకు చోటు దొరుకుతుంది.